తలా ఒక్క చెంచా

పోయిన వారం మనం కంషత్‌ని వాకిట్లో నిలబెట్టి వచ్చేశాం. పాపం, అత్తగారి పక్క దుప్పట్లు ఆరేస్తూ తలెత్తి చూసేసరికి వీధిలో వరసగా కార్లు ఆగాయి. మొదటి కారులోంచి ఆడపడుచు జౌరేష్ దిగింది. ఆరేళ్ళుగా ఈ గడప తొక్కని మనిషి, ఇవాళ చిమ్‌కెంట్ పట్నం నుంచి సగం బంధువర్గాన్ని వెంటేసుకుని మరీ దిగింది. చివరి కారు డిక్కీలో ఒక గొర్రె కూడా వచ్చింది.

కథలోకి కొత్తగా వచ్చిన వాళ్ళ కోసం రెండు ముక్కలు. కంషత్ అత్తగారు రిస్తికి మతి తప్పడం మొదలై చాలా ఏళ్ళయింది. ముందు పేర్లు పోయాయి, తర్వాత దారులు పోయాయి, ఆ తర్వాత మాటలు పోయాయి. ఈ ఏడు ఆపిల్ పళ్ళు కోసే వేళకి మింగడం కూడా పోయింది. తల్లి చిన్న కొడుకు దగ్గర ఉండడం అక్కడి ఆచారం కనుక, కంషత్ మొగుడు తుర్సిన్ దగ్గరే ఉంటుంది. తుర్సిన్ దగ్గర ఉండడమంటే నిజానికి కంషత్ చేతుల మీద ఉండడం. పోయిన శీతాకాలం పెద్దాసుపత్రిలో చేర్పిస్తే, సెలైన్ సూది పీకేసుకుంటోందని ముసలమ్మ రెండు చేతులూ మంచానికి కట్టేశారు. ఆ కమిలిన మణికట్లు చూసిన రోజే కంషత్ నిశ్చయించుకుంది, ఇక ఈ మనిషిని ఈ ఇంటి గదిలోంచి ఎవరూ కదపకూడదని. అందుకే తరాజ్ ఊళ్ళోని హాస్పిస్ వాళ్ళని పిలిపించుకుంది. ఇక నయం కాదని తేలిన వాళ్ళకి ఇంటికే వచ్చి, బాధ లేకుండా చూసే డాక్టర్లు వాళ్ళు. జౌరేష్‌కి అదే గిట్టలేదు. తల్లికి ముక్కులోంచి గొట్టం వేయించి తిండి ఎక్కించాలని పట్టుబట్టింది. పెద్దాసుపత్రికి ఫోన్ చేసి, మధ్యాహ్నానికి బండి పంపమని కూడా చెప్పేసి బయల్దేరింది.

గడపలో అడుగు పెడుతూనే జౌరేష్ శోకం ఎత్తుకుంది. వెనక ఉన్న ఆడవాళ్ళంతా గొంతు కలిపారు.

"ఇంకా బతికే ఉంది వదినా," అంది కంషత్. "కాస్త గొంతు తగ్గించండి. గోలకి బెదిరిపోతుంది."

"మా అమ్మ మా గొంతులకి బెదురుతుందా! ఏం చేసి పెట్టావే ఆవిణ్ణి?"

కంషత్ ఇంట్లోకి వచ్చిన వాళ్ళ చెప్పులు సర్ది, కోట్లు తగిలించి, చాయ్ నీళ్ళు కాచే సమోవార్ రాజేసి, వడ్డనకి దస్తర్‌ఖాన్ పరిచి, నూనెలో వేయించిన పిండి ముద్దలు, బావుర్సాకులు, కుప్పగా పోసి, ఒక్కొక్కరికీ పాలు కలిపిన చాయ్ పోస్తూ కూర్చుంది. కోడలై పుట్టిన పాపానికి ఇల్లు కాలిపోతున్నా ముందు చాయ్ పోయాలి. వచ్చిన వాళ్ళు తాగుతూ గుసగుసలాడుకుంటున్నారు. "పది రోజులుగా ముద్ద పెట్టలేదట," "ఆ హాస్పిస్ వాళ్ళు మత్తు మందిచ్చి పడుకోబెడతారట," "పస్తు పెట్టి చంపడానికి ప్రభుత్వం జీతాలిస్తోందట." ప్రతి మాటా కంషత్ చెవిన పడుతూనే ఉంది. పడాలనే అంటున్నారు మరి.

పెరట్లో మగవాళ్ళు గొర్రెను కోసి తోలు తీస్తున్నారు. తుర్సిన్ అక్కడే ఉన్నాడు. పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నాడు. లోపలికి రావలసిన పని పడ్డప్పుడల్లా అతనికి పెరట్లో ఏదో ఒకటి పుట్టుకొస్తుంది, ఇవాళ గొర్రె దొరికింది.

"ఏమయ్యా, ఒక్క మాట," అంది కంషత్, అతన్ని బొగ్గుల కొట్టం పక్కకి లాగి. "మీ అక్క ఆసుపత్రి బండిని రమ్మంది. తెలుసా?"

"ఊఁ."

"వద్దని చెప్పు."

"అక్క పెద్దది కదా."

"పెద్దదైతే? ఇన్నాళ్ళూ పెద్దరికం ఎక్కడికి పోయింది? కొడుకువి నువ్వు. ఆ బండి వాళ్ళు నీ మాట వింటారు, నా మాట వినరు. కట్టేసిన చేతులు నువ్వూ చూశావుగా. ఒక్కసారి నోరు విప్పవయ్యా బాబూ!"

తుర్సిన్ చేతిలోని కత్తిని గడ్డి మీద అటూ ఇటూ తుడిచాడు. బెల్లం కొట్టిన రాయిలా అలాగే నిలబడ్డాడు. కంషత్‌కి తల గోడకేసి కొట్టుకుందామనిపించింది. కానీ లోపల సమోవార్ పొంగుతోందని ఎవరో కేక వేస్తే, ఆ పనికి కూడా తీరిక లేక వెళ్ళిపోయింది.

మాంసం ఉడికే వేళకి వంటింట్లో నుంచి తిరిగొచ్చిన కంషత్, అత్తగారి గది గుమ్మంలో నిలబడిపోయింది.

ముసలమ్మని దిళ్ళు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టారు. మెడ నిలవక తల ఒక భుజం మీదికి వాలిపోయింది. గడ్డం కింద ఎవరిదో పట్టు రుమాలు. పక్కన పళ్ళెంలో పెద్ద గిన్నెడు మాంసం చారు, షోర్వా, పైన పసుపుపచ్చ కొవ్వు తేలుతోంది. మంచం దగ్గర్నుంచి నడవ దాకా చుట్టాలు వరసలో నిలబడ్డారు. ఒక్కొక్కరూ వచ్చి, "నా వల్ల ఏమైనా నొచ్చుకుని ఉంటే మనసులో పెట్టుకోకు, క్షమించి నా మీద రాజీ అవ్వు," అని చెప్పి, చెంచాడు షోర్వా ఆమె నోట్లో పోసి, పక్కకి తప్పుకుంటున్నారు. పోయే మనిషి, ఉండే వాళ్ళ చేతి రుచి ఒక్కసారైనా చూడకుండా పోకూడదు. అది తరతరాల మర్యాద. మర్యాదలో తప్పేం లేదు. తప్పల్లా, ఆ చారు ఆమె గొంతు దిగడం లేదు. చెంప లోపల నిలిచిపోతోంది. పెదవి మూల నుంచి కారి రుమాలు తడిసిపోతోంది.

"చూశారా, తింటోంది!" అంటోంది జౌరేష్. "పెట్టే వాళ్ళుంటే తినదా? మామయ్యా, మీరు పెట్టండి."

ముసలమ్మ తమ్ముడు సగిందిక్ చెంచా ముంచాడు.

"బాబాయ్, ఆగండి!" కంషత్ వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకుంది. "మింగలేదావిడ. ఊపిరితిత్తుల్లోకి పోతుంది."

కోడలు పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపడమా!

"చెయ్యి తియ్," అంది జౌరేష్.

"తియ్యను. వదినా, దణ్ణం పెడతాను, వద్దు. డాక్టరమ్మ కూడా చెప్పింది, అడిగితే పెదాలు తడి చెయ్యమంది, పొయ్యొద్దంది."

"అడగడానికి నోరుందా మా అమ్మకి? నోరు లేని దానికి పస్తులా? ఊరంతా ఏమనుకుంటోందో తెలుసా నీకు?"

"ఊరు వచ్చి పక్క మార్చిందా ఒక్కరోజైనా? పుళ్ళు కడిగిందా? ఊరంట ఊరు!" కంషత్ ఒళ్ళు మండిపోయింది. "ఆరేళ్ళు కనపడకుండా పోయి, ఇవాళ చెంచా పట్టుకొచ్చి నాకు నేర్పుతున్నావా నువ్వు?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆడపడుచుని 'నువ్వు' అనడం ఇదే మొదలు. నడవలో ఎవరో నాలుక కరుచుకున్నారు. జౌరేష్ మొహం ఎర్రబడింది. ఇక మాట మీద మాట పెంచకుండా, సగిందిక్ చేతిలోంచి చెంచా లాక్కుని, నిండా ముంచి, తానే తల్లి పళ్ళ మధ్య దూర్చింది.

"మింగమ్మా. నేనే, నీ జౌరేష్‌ని. మింగు."

ముసలమ్మ గొంతులో గుళగుళమని చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. అప్పుడు భయం వేసింది అందరికీ. కళ్ళు పెద్దవై, పెదాలు నీలంగా తిరిగి, చేతులు దుప్పటి మీద గాలిలో వెతుక్కున్నాయి.

కంషత్ గిన్నెని ఒక్క తోపు తోసింది. షోర్వా అంతా తివాచీ మీద ఒలికింది. దిళ్ళు లాగేసి అత్తగారిని పక్కకి తిప్పుతుండగా, వెనక నుంచి ఎవరో జనాన్ని మోచేతులతో నెట్టుకుంటూ వచ్చారు. హాస్పిస్ డాక్టర్ వెరా పాక్. ఇవాళ ఆవిడ వచ్చే రోజే. కోటు కూడా విప్పలేదు. మంచం మీద మోకాలు వేసి, వేలికి గుడ్డ చుట్టి నోట్లోది తుడిచింది. సంచిలోంచి చిన్న పంపు తీసి గొంతులోంచి చారు లాగింది. కంషత్ తల పట్టుకుంది. ఒక దగ్గు, మళ్ళీ ఒక దగ్గు. ముసలమ్మ ఏడుపు లాంటి మూలుగుతో ఊపిరి పీల్చుకుంది.

వెరా నాలుక కింద మందు చుక్కలు వేసి, నుదుటి ముడతలు వదులయ్యే దాకా చూసి, అప్పుడు వెనక్కి తిరిగింది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, రోజుకి ఎన్ని గడపలెక్కి దిగుతుందో తెలియదు, ఎప్పుడూ నిద్ర చాలని మొహమే.

"ఈ వారం ఏ ఇంటికి వెళ్ళినా ఇదే షోర్వా," అంది విసుగ్గా. "ఎవరు పోశారు?"

"నేను పోశాను," అంది జౌరేష్, గడ్డం దించకుండా. "నా తల్లికి నేను పోశాను. నువ్వు కొరియా దానివి, మా పద్ధతులు నీకేం తెలుస్తాయి?"

"ప్రభుత్వం మా వాళ్ళనందరినీ ఊళ్ళోంచి వెళ్ళగొట్టి, మా తాతని రైల్లో తెచ్చి ఇక్కడ దింపిన నాటి నుంచీ మేమిక్కడే పుడుతున్నాం, ఇక్కడే చస్తున్నాం. మా నాన్న పోతే పాడె పట్టింది మీ వాళ్ళే. వచ్చి రుచి చూపించింది కూడా మీ వాళ్ళే. పద్ధతులు నాకు చెప్పకు." ఆవిడ కుర్చీ లాక్కుని కూలబడింది. "అమ్మా, కూర్చో. నిలబడి వింటే ఎక్కదు."

జౌరేష్ కూర్చోలేదు. చుట్టాలెవరూ కదల్లేదు.

"ఇది మతిమరుపు అనుకుంటారు మీరంతా. మరుపొక్కటే అయితే నేనెందుకు? మెదడు కొంచెం కొంచెంగా చచ్చిపోయే జబ్బు ఇది. మాట చూసుకునే చోటు పోయింది, నడక చూసుకునే చోటు పోయింది. ఇప్పుడు మింగడం చూసుకునే చోటు పోతోంది. కంషత్ పెట్టకపోవడం వల్ల తినడం మానలేదు ఆవిడ. ఒంటికే తిండి అక్కర్లేకుండా పోయింది. పొయ్యి ఆర్పేసిన ఇంట్లోకి మీరు పిండి బస్తాలు మోస్తున్నారు."

"గొట్టం వేస్తే?"

"ఈ జబ్బులో గొట్టం వేసినంత మాత్రాన ఎక్కువ కాలం బతకరు. అప్పుడూ ఊపిరితిత్తుల్లోకి పోతూనే ఉంటుంది. పీకేసుకుంటుంది. పీకేసుకుంటే చేతులు కడతారు. కట్టేసిన చేతులతో, తెలియని గోడల మధ్య, తెలియని మనుషుల మధ్య పోతుంది. ఇక్కడ ఉంటే కంషత్ గొంతు వింటూ పోతుంది. నేను చెయ్యగలిగింది నొప్పి లేకుండా, ఊపిరాడని బాధ లేకుండా, పుళ్ళు లేకుండా చూడడం. చేతులెత్తేసిన వాళ్ళం కాదమ్మా మేము. చూశావుగా, ఇప్పుడు ఒళ్ళు వంచి ఎవరు పని చేశారో!"

"నీకు తెలీదు," అంది జౌరేష్. "నాకు ఆవిడ మాట కావాలి."

ఆ మాట అంటూనే ఆవిడ షోర్వా ఒలికిన తివాచీ మీదే చతికిలబడింది.

"మా అబ్బాయి పెళ్ళి విందులో," అంది, ఎవరికీ కాకుండా. "వియ్యాలవారి ఎదురుగా, అంతమందిలో, 'నా వెండి కమ్మలు దొంగిలించింది ఇదే' అని వేలు పెట్టి చూపించింది నన్ను. నా కన్నతల్లి! నేనేమన్నానో తెలుసా? నువ్వు చచ్చినా నీ గడప తొక్కను అన్నాను. అందరూ విన్నారు. ఆవిడా వింది. అప్పటికి జబ్బని ఎవరనుకున్నారు? ముసలితనంలో గయ్యాళిదైంది అనుకున్నాం. ఆ మాట వెనక్కి తీసుకోకుండా ఆవిణ్ణి పోనిస్తే నేనెలా బతకను? ఒంట్లో కాస్త బలం వస్తే, ఒక్క క్షణం మతి వస్తే, 'రాజీయే బిడ్డా' అంటుందేమోనని. దానికే గొట్టం. ఇంకేం లేదు నాకు."

ఆరేళ్ళ పౌరుషం వెనక ఇంతేనా ఉన్నది! కంషత్‌కి జాలి వేసింది. జాలి కంటే ముందు చిర్రెత్తుకొచ్చింది.

"కమ్మలకే ఆరేళ్ళు రాకుండా కూర్చున్నారా వదినా? నన్నెన్నిసార్లు దొంగందో లెక్కుందా? పంచదార దొంగ, సబ్బు దొంగ. ఒకసారి సమోవార్ మూత పట్టుకుపోయి అమ్ముకున్నానని వీధి వీధంతా పిలిచి చెప్పింది. మూత ఆవిడ చేతిలోనే ఉంది! నేనెక్కడికి పోయి అలగను? పక్క తడిస్తే దొంగే మార్చాలి కదా!"

నడవలో ఎవరో ముసిముసిగా నవ్వారు. జౌరేష్ ఏడుస్తూనే ముక్కు తుడుచుకుంది. "సమోవార్ మూతా?"

"దేవుడి తోడు."

"డాక్టరమ్మా," అంది జౌరేష్, వెరా వైపు తిరిగి. "మాట వస్తుందా?"

"రాదు," అంది వెరా.

ఇంకెవరైనా ఆ మాటకి ముందూ వెనకా నాలుగు తియ్యటి మాటలు చేర్చేవారు. వెరా చేర్చలేదు. లేచి, నడవలోని పళ్ళెంలోంచి చల్లారిన పాల చాయ్ పియాలా ఒకటి తీసుకుంది. పుల్లకి చుట్టిన దూదిని దాంట్లో ముంచి, గట్టిగా పిండి, జౌరేష్ చేతిలో పెట్టింది.

"రుచి చూపించాలనేగా వచ్చావు? ఇలా చూపించు. పెదాల మీద, నాలుక చివర. చుక్క కూడా కారకూడదు. మాట పోయినా రుచి తెలుస్తుంది, చెయ్యి తగిలితే తెలుస్తుంది. నువ్వు చెప్పాల్సింది చెప్పుకో. జవాబు కోసం చూడకు."

జౌరేష్ మంచం మీదికి వంగి తల్లి ఎండిన పెదాలని తడి చేసింది. మొదట ఏమీ జరగలేదు. తర్వాత ముసలమ్మ నాలుక మెల్లగా బయటికొచ్చి, పెదవి మీది పాల చాయ్‌ని తడిమి, లోపలికి పోయింది. మళ్ళీ వచ్చింది. పసిపిల్లలు చప్పరించినట్టు చప్పరించింది.

"నా మీద రాజీ అవ్వమ్మా," అంది జౌరేష్. "నేను అన్నాను, నేనే వచ్చాను. వచ్చేశాను చూడు."

జవాబు రాలేదు. చప్పరింపు మాత్రం ఆగలేదు. జౌరేష్ తల్లి దిండు మీదే తల పెట్టి, వచ్చేటప్పుడు గడపలో పెట్టిన శోకంలా కాకుండా, చప్పుడు లేకుండా ఏడ్చింది. కంషత్ ఆవిడ వీపు మీద చెయ్యి వేసింది. వేసి, నడవలో గుడ్లప్పగించి చూస్తున్న వాళ్ళ వైపు తిరిగింది.

"ఇక చాలు, పదండి. మాంసం చల్లారిపోతోంది. తినండి, ఆవిడ కోసం ప్రార్థించండి. ఈ గదిలోకి ఒక్కొక్కరే రావాలి, చెంచా లేకుండా రావాలి."

ఈసారి ఎవరూ ఎదురు చెప్పలేదు. సగిందిక్ అందరికంటే ముందు తప్పుకున్నాడు. జౌరేష్ తడి చేత్తోనే ఫోన్ తీసింది. "బండి వద్దని చెప్పేస్తాను," అంది. ఇన్ని రోజుల్లో మొదటిసారి కంషత్‌కి ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్ళింది.

ఆ ఊపిరి బయటికి వదిలే లోపే వీధిలో హారన్ మోగింది.

బండి వచ్చేసింది. ఇద్దరు మనుషులు స్ట్రెచర్ దింపి గడపలోకి తెచ్చేశారు. జౌరేష్ ఎదురెళ్ళింది. "పిలిచింది నేనే. వద్దంటున్నదీ నేనే. తిరిగి పొండి."

"పిలిచినప్పుడు ఒక మాట, వచ్చాక ఒక మాటా?" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. "పేషంటు ఈ ఇంట్లో ఎవరి దగ్గరుంటే వాళ్ళు చెప్పాలి. కొడుకున్నాడట కదా, ఏడీ?"

"పిలవండి, పిలవండి," అంది కంషత్ తేలిగ్గా. అక్కే వద్దన్నాక ఇంకేముంది? నోరు విప్పక్కర్లేదు కూడా, తల ఊపితే చాలు. ఆ మాత్రం మొగుడి చేత చేయించగలనన్న నమ్మకం ఆవిడకుంది.

తుర్సిన్ పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. స్ట్రెచర్‌ని చూశాడు. తల్లి గది వైపు చూశాడు. లోపల జరిగిందంతా కిటికీ అవతల నిలబడి చూసినట్టున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తీసుకెళ్ళండి," అన్నాడు.

కంషత్‌కి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. "ఏమన్నావు?"

"నీలంగా తిరిగిపోయింది అమ్మ. నేను చూశాను. ఇంకోసారి అలా అయితే చూస్తూ కూర్చోలేను నేను, ఈ ఇంట్లో, చేతులు ముడుచుకుని. నా వల్ల కాదు. వాళ్ళేదో ఒకటి చేస్తారు. తీసుకెళ్ళండి."

"ఏదో ఒకటి అంటే చేతులు కడతారయ్యా!"

"కట్టనీ. నాకు కనపడదు."

"తమ్ముడూ!" అంది జౌరేష్. "నాకు బుద్ధొచ్చింది, నీకు పోయిందా?"

వెరా స్ట్రెచర్‌కి అడ్డంగా నిలబడి బండి వాళ్ళతో వాదన మొదలుపెట్టింది. వాళ్ళు కొడుకు మాటే మాట అంటున్నారు. ఇంత కాలం కంషత్ ఏ మనిషిని నోరు విప్పమని వెంటపడిందో, ఆ మనిషి విప్పాడు. చాలు. ఆడపడుచు చెయ్యి పట్టుకుని అత్తగారి గదిలోకి లాక్కెళ్ళి, తలుపు మూసి, లోపల గడియ పెట్టింది.

"కంషత్," అన్నాడు తుర్సిన్ బయట నుంచి. "తలుపు తియ్."

"తియ్యను."

"తియ్యకపోతే పగలగొడతాను."

"కొట్టు. నీ చేతులతోనే కొట్టు. మీ అమ్మకి మాట పోయింది కానీ చెవులు పోలేదు."

జౌరేష్ తల్లి చేతిని రెండు చేతులతో పట్టుకుంది. కంషత్ తలుపుకి వీపు ఆనించి నిలబడింది.

తలుపు మీద మొదటి దెబ్బ పడింది. ముసలమ్మ కళ్ళు తెరిచింది.